బాల్‌రాజ్ తంతడా, తన్నడా?

శనివారం పొద్దున సుధాకర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి బసప్ప హోటల్లో చాయ్. ఆ తర్వాత మిఠాయి కొనడం. పదింటి ప్యాసింజరుకు స్టేషన్‌కు వెళ్లి, వికారాబాద్ నుంచి వచ్చే చుట్టాలను ఇంటికి తీసుకురావడం. భోజనాలు, మాటలు, సాయంత్రం బండికి వాళ్లను తిరిగి ఎక్కించడం. మర్నాడు ఆదివారం తానే తాండూరు ఫుట్‌బాల్ జట్టును వెంటబెట్టుకుని వికారాబాద్ వెళ్లడం. రెండు రోజుల్లో రెండు పనులు: ఒకటి బామ్మర్ది బాల్‌రాజ్ పెళ్లి కుదర్చడం, రెండోది అనంతగిరి షీల్డు గెలిచి తేవడం.

అది 1958, చలికాలం. తాండూరులో సుధాకర్‌ది కందుల అడ్తి దుకాణం. జట్టుకు అతనే సెక్రటరీ. కెప్టెన్ బాల్‌రాజ్. సుధాకర్ భార్య యాదమ్మకు బాల్‌రాజ్ ఒక్కగానొక్క తమ్ముడు.

"ఇయ్యాల నోరు తినేతందుకే తెరువు" అని యాదమ్మ తెల్లవారకముందే చెప్పింది. "మాట్లాడేది నేను మాట్లాడ్త."

"నేనేమన్న అన్ననా?"

"అనకముందే చెప్తున్న. నా తమ్మునికి ఇది మూడో సంబంధం."

మొదటి రెండు సంబంధాలు చెడిపోవడంలో సుధాకర్ తప్పేమీ లేదు. తప్పంతా బాల్‌రాజ్ జాగ్రత్తది. మొదటి సంబంధం వాళ్లు మాట అడిగితే ఆలోచించి చెప్తానన్నాడు. ఆలోచించి చెప్పేనాటికి ఆ పిల్లకు కొడుకు పుట్టాడు. రెండో సంబంధం వాళ్లు అంతకాలం ఆగలేదు.

బాల్‌రాజ్ తపాలా ఆఫీసులో గుమాస్తా. ముద్ర వేసే ముందు ప్రతి ఉత్తరాన్నీ రెండు వైపులా చూసేవాడు. మబ్బు లేని రోజున కూడా గొడుగు పట్టుకుని బయల్దేరేవాడు. ఫుట్‌బాల్లోనూ అంతే. గోల్‌కీపర్‌కు ముందు నిలబడి అడ్డుకునే సెంటర్ హాఫ్ స్థానంలో ఆడేవాడు. బంతి ఒకసారి అతని కాలికి చేరిందంటే ఎదుటివాళ్లకు దొరికేది కాదు. అలాగని ముందుకు పోయేదీ కాదు. దాన్ని కాలి కింద పెట్టుకుని, అటు చూసి, ఇటు చూసి, పక్కన ఖాళీగా ఉన్న వాడికి భద్రంగా అందించేవాడు. ఆ పక్కవాడు దాన్ని ఏ ముళ్లకంపలోకి తన్నినా బాల్‌రాజ్ మనశ్శాంతి చెడేది కాదు. తన బాధ్యత తీరింది కదా.

ఇలాంటి మనిషి కెప్టెన్‌గా ఉంటే షీల్డు వస్తుందా రాదా అన్నది బసప్ప హోటల్లో మూడేళ్లుగా తెగని వాదం. సుధాకర్ రాదనే పక్షానికి పెద్ద. వస్తుందనే పక్షానికి గోల్‌కీపర్ హనుమంతు పెద్ద. హనుమంతు బండల గనిలో పనిచేస్తాడు. ఒంటి చేత్తో నాపరాయి లేపగల మనిషి కాబట్టి అతని పక్షంలో కొందరు భయం కొద్దీ కూడా ఉండేవారు.

"గోలు తినకుంటే ఓడిపోతమా?" అన్నాడు హనుమంతు ఆ పొద్దున, సుధాకర్ ఇంకా బెంచీ మీద కూర్చోకముందే.

"గోలు కొట్టకుంటే గెలుస్తమా?" అన్నాడు సుధాకర్. తినడానికే నోరు తెరవాలన్న మాట గుర్తుంది గాని, అది ఇంట్లో మాట. ఇది హోటలు.

"బాల్‌రాజ్ ముంగట ఉన్నన్ని దినాలు నాకు ఫికర్ లేదన్నా. పోయిన ఆటల నేను రెండేసార్లు బాల్ ముట్టిన. అండ్ల ఒకసారి ఆట షురూ కాకముందు."

"ఎవరొద్దన్నరు? మూడేండ్ల నుంచి షీల్డుకు పోతున్నం. ఒక్కసారన్న చిత్తుగ ఓడినమా? లే. ఒక్కసారన్న గెలిచినమా? గదీ లే. పోతున్నం, వస్తున్నం. రైలోళ్లకు తప్ప మనతోని ఎవరికన్న లాభముందా?"

"మరి ఉరికురికి ఆడిన పరిగి జట్టోళ్లు ఏమైండ్రు? మూడు కొట్టిండ్రు, ఐదు తిన్నరు. మధ్యాహ్నం బస్సుకే ఇంటికి పోయిండ్రు."

బసప్ప దోసెలు తిప్పుతూ, తనకు ఇద్దరూ ఒకటే అన్నట్టు ఇద్దరి మాటకూ తల ఊపుతున్నాడు. వాదన వేడెక్కిన కొద్దీ అందులోంచి గోలు పోయింది, షీల్డు పోయింది, బంతి కూడా పోయింది. అందరికీ తెలిసిన వస్తువును ఎవరూ పేరు పెట్టి పిలవరు. అది, దాన్ని, దానికి అంటే సరిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో నల్ల కోటు తొడుక్కుని, చెవులకు పోగులున్న ఒక పెద్దమనిషి వచ్చి మూల బల్ల దగ్గర కూర్చుని చాయ్ అడిగాడు.

ఆయన పేరు ఎంకయ్య. దోమ అనే ఊళ్లో వ్యవసాయం. ఎడ్ల గురించి, వానల గురించి ఆయనకు తెలియనిది లేదు. ఫుట్‌బాల్ గురించి తెలిసింది లేదు. బాల్‌రాజ్‌కు చూస్తున్న పిల్ల రాధమ్మకు ఆయన మేనమామ. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే ఆ పిల్లను ఆయనా, ఆయన తల్లి ఈశ్వరమ్మా పెంచారు. పిల్ల చదువు కోసం వికారాబాద్‌లో ఇల్లు కూడా తీసుకున్నారు. తల్లి పదింటి రైలుకు వస్తుంది, ఈలోగా పిల్లవాడి గురించి ఊళ్లో నాలుగు మాటలు చెవిన వేసుకుందామని ఎంకయ్య తొలి బస్సుకే దిగాడు. సంబంధం అంతా ఉత్తరాల మీద నడిచింది కాబట్టి ఆయన ముఖం సుధాకర్‌కు తెలియదు, సుధాకర్ ముఖం ఆయనకు తెలియదు.

"బాల్‌రాజ్ మంచోడు కాదని నేనన్ననా?" అంటున్నాడు సుధాకర్. "మస్తు మంచోడు. కాని దాన్ని తన్నాల్నంటే ఆనికి కాలు రాదు. ఎదురుంగనే ఉంటది. ఒక్కటి గట్టిగ తంతె అయిపాయె. తన్నడు!"

ఎంకయ్య చెవులు నిక్కపొడుచుకున్నాయి. 'దాన్ని' అంటే ఆయనకు ఆడమనిషే.

"తన్నకుంటేంది?" అన్నాడు హనుమంతు. "ఎటూ పోనియ్యకుంట దగ్గర పెట్టుకుంటడు గద!"

"ఎంతసేపు పెట్టుకుంటడు? జరసేపు పెట్టుకుంటడు. అటు జూస్తడు, ఇటు జూస్తడు, పక్కోనికి ఇచ్చేస్తడు!"

"ఇయ్యనియ్యి. పక్కోడు తంతడు."

మూల బల్ల దగ్గర చాయ్ గొంతుకు అడ్డం పడిన చప్పుడైంది. దగ్గు తగ్గాక ఎంకయ్య సన్నని గొంతుతో అడిగాడు. "గా బాల్‌రాజ్ అంటే... తపాల ఆఫీసుల ఉండే పిలగాడేనా?"

"ఆయనే. మీకెర్కేనా?"

"పేరు విన్న. మాది వికారాబాద్ దిక్కు."

సుధాకర్ ముఖం వెలిగిపోయింది. "అరె, వికారాబాదా! అయితే రేపు తప్పకుంట రాండ్రి. మీ ఊర్లనే, మీ అందరి ముంగట్నే తన్నిపిస్త."

"దాన్నేనా?" అన్నాడు ఎంకయ్య, మనసులో రాధమ్మను తలుచుకుని.

"దాన్నే! ఇంకేం తంతరు?"

"ఇప్పటిదాంక తన్నలేదంటున్నరు గద."

"గదే గద బాధ! మూడేండ్ల నుంచి చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. రేపు గూడ తన్నకుంటే తాండూరు ఇజ్జత్ ఏముంటది? నేను పక్కన్నే నిలవడి, తన్ను, తన్ను అని ఒర్లుత. ఎట్ల తన్నడో సూస్త!"

అక్కడేమైనా దయ దొరుకుతుందేమోనని ఎంకయ్య హనుమంతు వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ నాయనా? గట్ల తన్నుడు మంచిదేనా?"

హనుమంతు గడ్డం గోక్కుని, న్యాయంగా ఆలోచించి చెప్పాడు. "తొందరపడి తన్నద్దంట నేను. టైం జూసి తన్నాలె."

హోటలంతా అవునవునంది. ఎంకయ్య గ్లాసులో సగం చాయ్ వదిలేసి, గొడుగు చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా స్టేషన్ దారి పట్టాడు. "పాపం, ఆటంటే మస్తు ఇష్టం ఉన్నట్టున్నది" అన్నాడు సుధాకర్.

పదింటి ప్యాసింజరు వేళకే వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లంతో సుధాకర్ ఒక మగమనిషి, ఒక ముసలమ్మ కలిసి దిగుతారని ఎదురుచూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అలాంటి జంట దిగలేదు. ఇంజను దగ్గరి పెట్టెలోంచి మాత్రం ఒక ముసలమ్మ ఒంటరిగా, పెద్ద మూటతో దిగింది. దిగిందో లేదో హోటల్లో కనిపించిన నల్ల కోటు పెద్దమనిషి పరుగున వెళ్లి ఆమెను తిరిగి అదే పెట్టెలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, ఇప్పుడే దిగితిని గద!"

"ఎక్కు అవ్వా, ఎక్కు. కూసున్నంక చెప్త."

కష్టంలో ఉన్నవాళ్లను చూస్తే ఊరుకునే మనిషి కాదు సుధాకర్. పరుగెత్తి మూటను కిటికీలోంచి లోపలికి తోశాడు. ముసలమ్మకు చెయ్యి ఆసరా ఇచ్చి మెట్టు ఎక్కించాడు. బండి కదిలాక కూడా నాలుగడుగులు వెంట నడిచి, "రేపు వచ్చుడు మర్వకుండ్రి!" అని కేకేశాడు. కిటికీ తలుపు టపీమని పడింది.

ఆ తర్వాత అరగంట ప్లాట్‌ఫారం మీద నిలబడి, చుట్టాలు బండి తప్పిపోయి ఉంటారని నిశ్చయించుకుని ఇంటికి వచ్చాడు. బాల్‌రాజ్ ఎనిమిదింటి నుంచే ఉతికిన చొక్కా తొడుక్కుని, నలగకుండా గోడకు ఆనకుండా కూర్చుని ఉన్నాడు. ఎవరూ రాలేదని విని, మంచిది, ఇంకాస్త ఆలోచించుకునే వీలు దొరికిందన్నట్టు తల ఊపి తపాలా ఆఫీసుకు వెళ్లిపోయాడు. యాదమ్మ మాత్రం తలుపు వేసి, భర్తను పీట మీద కూర్చోబెట్టింది.

"స్టేషన్ల ఎవ్వరు కనబడలేదా?"

"కనబడ్డరు గాని మనోళ్లు కాదు. ఎవరో నల్ల కోటాయన, చెవులకు పోగులున్నయి, వాళ్లవ్వను దిగినంక మళ్ల ఎక్కించిండు. నేనే మూట అందిచ్చిన."

యాదమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. "చెవులకు పోగులా? పిల్ల మేనమామకు పోగులున్నయని ఉత్తరంల రాసిండ్రు గద! గా మనిషిని అంతకుముందు యాడనన్న జూసినవా?"

"హోటల్ల జూసిన."

"ఏం మాట్లాడినవ్?"

"ఏం మాట్లాడలే. ఒట్టి ఫుట్‌బాల్ ముచ్చట."

"ఏమన్నవో అన్నది అన్నట్టే చెప్పు. ఒక్క మాట ఇడ్వకు."

సుధాకర్ ధైర్యంగానే మొదలుపెట్టాడు. దాన్ని తన్నాల్నంటే ఆనికి కాలు రాదన్న దగ్గర అతనికేమీ అనిపించలేదు. పక్కోనికి ఇచ్చేస్తడు అన్న దగ్గర గొంతు కొంచెం తగ్గింది. మీ ఊర్లనే, మీ అందరి ముంగట్నే తన్నిపిస్త అన్న దగ్గరికి వచ్చేసరికి తన మాటలు తనకే మొదటిసారి వినబడ్డాయి. మిగతాది చెప్పకుండా మిఠాయి పొట్లం విప్పి, మళ్లీ కట్టాడు.

యాదమ్మ గరిటె కింద పెట్టింది.

"మూటెట్లున్నది?" అని అడిగింది.

"బరువుగనే ఉన్నది."

"పిల్లగానికి బట్టలు తెచ్చి ఉంటరు" అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బాల్‌రాజ్‌కు ఈ సంగతి చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. చెప్తే రేపు బంతి వైపు కూడా చూడడు. మిగిలిన దారి ఒక్కటే, ఎంకయ్యకు నిజం తెలియాలి. తాండూరు, వికారాబాద్ మధ్య నడిచే బస్సు కండక్టరు మత్తయ్య చేతికి సుధాకర్ ఒక చీటీ రాసిచ్చాడు. బంతి, పిల్ల, అది, ఇది అని రాస్తే మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని ఒక్కొక్క మాటా ఆచితూచి రాశాడు: "ఎంకయ్య మామకు నమస్కారం. తప్పు నాది. మాటలతో తెగేది కాదు. రేపు మూడింటికి అందరూ కలిసి గ్రౌండుకు రండి. తన్నుడు కండ్లార చూసినంక మాట్లాడుకుందాం. ఇట్లు, సుధాకర్."

ఆట చూస్తే వాళ్లకే అర్థమవుతుంది కదా అని అతని ఆలోచన. రాసినదాన్ని రెండుసార్లు చదువుకుని మెచ్చుకున్నాడు. యాదమ్మకు చూపించి ఉంటే బాగుండేది గాని, ఆమె అప్పుడు చుట్టాల కోసం వండినదంతా గనివాళ్లకు పంచిపెడుతోంది.

ఎంకయ్య, ఈశ్వరమ్మ తాండూరు అవతల బషీరాబాద్‌లో దిగి, తిరుగు బండి పట్టుకుని, తాండూరు దాటేదాకా కిటికీ తలుపులు దించుకుని వికారాబాద్ చేరేసరికి చీటీ వాళ్లకంటే ముందే ఇల్లు చేరింది. ఎంకయ్య దాన్ని గట్టిగా చదివాడు. ఈశ్వరమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. ఎంకయ్య వెంటనే దోమకు మనిషిని పంపాడు.

ఆదివారం మూడింటికి వికారాబాద్ గ్రౌండు మునుపెన్నడూ లేనంతగా నిండింది. తాండూరు జట్టు పెళ్లికూతుర్ని తన్నడానికి వస్తోందన్న మాట ఊరంతా పాకింది. ఫుట్‌బాల్‌కు ఎప్పుడూ రానివాళ్లు పిల్లాజెల్లాతో వచ్చారు. వికారాబాద్ గోలు వెనుక, వల కూడా లేని రెండు వెదురు గుంజలకు నాలుగడుగుల దూరంలో, దోమ నుంచి వచ్చిన పన్నెండు మంది కట్టెలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. నడుమ ఎంకయ్య. పక్కన కుర్చీలో ఈశ్వరమ్మ. ఆమె పక్కన రాధమ్మ.

పిల్లను ఇంట్లో ఉంచి తాళం వేద్దామని ఎంకయ్య ఎంతో చెప్పి చూశాడు. రాధమ్మ వినలేదు. "నన్ను తన్నెటోడు ఎట్లుంటడో నేను జూడొద్దా మామా?" అంది. ఆయన తాళం జేబులో వేసుకుని ఆమె వెంట నడిచాడు.

సుధాకర్ గ్రౌండులోకి అడుగుపెట్టి ఆ వరసను చూశాడు. చీటీలో తాను రాసింది ఒక్కసారిగా కళ్ల ముందు కదిలింది. మిఠాయి పొట్లం పైకెత్తి ఊపుతూ అటు పరుగెత్తాడు. పన్నెండు కట్టెలూ లేచాయి. "వచ్చిండు, వచ్చిండు! పక్కన్నే నిలవడి ఒర్లుతనన్నది గీ మనిషే!" అని ఎంకయ్య అరిచాడు. పోలీసు జవాను వచ్చి సుధాకర్ రెక్క పట్టుకుని గీత అవతలికి లాక్కొచ్చాడు. రెండోసారి వెనకగా చుట్టి వెళ్లాడు. ఈసారి వికారాబాద్ కుర్రాళ్లు గోల్‌కీపరుకు దిష్టి పెట్టడానికి వచ్చాడని పట్టుకున్నారు. మూడోసారి వెళ్లే లోపు ఆట మొదలైంది.

బాల్‌రాజ్‌కు ఇవేవీ తెలియవు. అతను ఎప్పటిలాగే ఆడాడు. వికారాబాద్ వాళ్లు గాలిదుమారంలా వచ్చేవారు. బాల్‌రాజ్ వాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతిని మెల్లగా తీసుకుని, అటు చూసి, ఇటు చూసి, పక్కవాడికి అందించేవాడు. హనుమంతు రెండు గుంజల మధ్యా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తన్ను, బాల్‌రాజ్, తన్ను!" అని తాండూరు జనం అరిచినప్పుడల్లా ఆ చివర కట్టెలు లేస్తున్నాయి.

సుధాకర్ తాండూరు జనం మధ్యకు పరుగెత్తాడు. "తన్ను అనకుండ్రి! మీ కాళ్లు మొక్కుత, గా మాట అనకుండ్రి!"

"ఏందన్నా, మూడేండ్ల నుంచి అనుమన్నది నువ్వే గద!"

"నేనే అన్న. ఇప్పుడు నేనే వద్దంటున్న!"

సుధాకర్ వికారాబాద్ వాళ్లతో కలిసిపోయాడని ఒకడు అన్నాడు. ఎండదెబ్బ తగిలిందని ఇంకొకడు చలికాలంలో నిర్ధారించాడు. వాళ్లు ఇంకా గట్టిగా "తన్ను" అని అరవడం మొదలుపెట్టారు. సుధాకర్‌కు ఇక వేరే దారి లేక, గీత పక్కన పరుగెత్తుతూ, గొంతు చించుకుని అరిచాడు. "తన్నకు! బాల్‌రాజ్, తన్నకు!"

అవతలి చివర నుంచి ఇది విన్న హనుమంతు కట్టుకున్న చేతులు విప్పేశాడు. మూడేళ్ల వాదంలో తానే గెలిచానా అని అతనికి అనుమానం వచ్చింది. గెలిచినా సంతోషపడే తీరిక లేదు.

ఆట ముగియడానికి రెండు నిమిషాలున్నాయి. ఇరుపక్కలా గోలు లేదు. వికారాబాద్ వాళ్లు అంతా ముందుకు వచ్చేసి ఉండగా, ఎవరి కాలికో తగిలి ఎగిరిన బంతి వచ్చి బాల్‌రాజ్ ముందు పడింది. అందించడానికి చుట్టూ చూశాడు. పక్కన ఎవరూ లేరు. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. బాల్‌రాజ్ బంతిని కాలితో నెట్టుకుంటూ, దారిలో గుంతలున్నాయేమో చూసుకుంటూ, గోలుకు పదడుగుల దూరం దాకా వెళ్లి ఆగాడు.

"తన్ను!" అంది తాండూరు అంతా.

"తన్నకు!" అన్నాడు సుధాకర్ ఒక్కడు.

"తన్నిండంటే సూడు!" అన్నాడు ఎంకయ్య గోలు వెనుక నుంచి.

బాల్‌రాజ్ బంతి మీద కాలు పెట్టి నిలబడ్డాడు. తల ఎత్తి అటు చూశాడు. ఇటు చూశాడు. తర్వాత నేరుగా గోలు వెనక్కి చూశాడు. కాలు వెనక్కి తీశాడు. అది చూసి గోల్‌కీపర్ కుడివైపు ఎగిరి దూకి, దుమ్ములో బోర్లా పడ్డాడు. బాల్‌రాజ్ తీసిన కాలును మళ్లీ కింద పెట్టాడు. ఆ తర్వాత, పడుకున్న పసిపిల్ల ఊయలను కదిపినట్టు, పాదం పక్కతో బంతిని మెల్లగా ఎడమవైపుకు తోశాడు.

అది దొర్లింది. తొందరేమీ లేనట్టు దొర్లింది. దుమ్ములోంచి లేచిన గోల్‌కీపర్ చెయ్యి చాచేసరికి అది గీత దాటి, మూరెడు దూరం పోయి ఆగింది. అదసలు గోలేనా కాదా అని ఎవరికీ తెలియక గ్రౌండంతా రెఫరీ వైపు చూసింది. రెఫరీ నడుచుకుంటూ వెళ్లి, వంగి, బంతినీ గీతనూ చూసి, అప్పుడు విజిల్ వేశాడు.

తాండూరు జనం కేకలు పెడుతుండగా బాల్‌రాజ్ సంబరపడకుండా గోలు వెనక్కి నడిచాడు. కట్టెలు పట్టుకున్న పన్నెండు మంది ఏం చేయాలో తోచక ఎంకయ్య వైపు చూశారు. బాల్‌రాజ్ ఈశ్వరమ్మ కుర్చీ ముందు ఆగి దండం పెట్టాడు.

"అవ్వా, గోలు ఎనక గింత దగ్గర కూసోవద్దు. వల గూడ లేదు. బంతి వచ్చి ముఖానికి తాకుతది." పక్కన నిలబడ్డ పిల్లను చూపించి అన్నాడు. "ఈమె సరిగ్గ ఎదురుంగ ఉన్నది. అందుకే తన్నలే."

రాధమ్మ అతన్ని చూసింది. గీత అవతల పడి ఉన్న బంతిని చూసింది. గ్రౌండు పక్కన మళ్లీ జవాను చేతికి చిక్కి గింజుకుంటూ మిఠాయి పొట్లం ఊపుతున్న సుధాకర్‌ను చూసింది. ఆమెకు నవ్వు ఆగలేదు.

"మామా" అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గీళ్లు తన్నుడు తన్నుడు అనేది బంతినంట!"

ఎంకయ్య చేతిలోని కట్టె జారి కింద పడింది. హోటల్లో విన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ మనసులో తిప్పుకున్నాడు. పక్కోనికి ఇచ్చేస్తడు అన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం కందగడ్డ అయింది. "సారెవరు? గాయనేనా సుధాకర్ సారు? ఇడువుండ్రి ఆయనను!" అని జవాను మీదికి పరుగెత్తాడు.

సాయంత్రం వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు జట్టు షీల్డును బెంచీ మీద నిలబెట్టి చుట్టూ మూగి ఉంది. జాగ్రత్త మనిషి షీల్డు గెలవగలడని రుజువైందని హనుమంతు, గోల్‌కీపర్ ముందే దూకడం వల్ల గెలిచాం గాని జాగ్రత్త వల్ల కాదని సుధాకర్ పక్షం వాళ్లు వాదిస్తున్నారు. సుధాకర్ మాత్రం ఏ పక్షంలోనూ లేడు. గొంతు పోయింది.

ఎంకయ్య కుటుంబమంతా జొన్నరొట్టెలు, పప్పు, బెల్లం ముద్దలు మోసుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. "నిన్న మీ ఇంట్ల తినకుంట వచ్చినం. ఇయ్యాల మా చేతుల తినుండ్రి" అంటూ ఈశ్వరమ్మ తానే వడ్డించింది. నిన్న సుధాకర్ కిటికీలోంచి తోసిన మూట కూడా తెచ్చింది. అందులో నిజంగానే బాల్‌రాజ్‌కు బట్టలున్నాయి.

తిన్నాక ఎంకయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇగ మా దిక్కు నుంచి అడ్డం లేదు. ఊర్ల పెద్దోళ్లతోని మాట్లాడి, మంచి రోజు సూసుకొని, నెల రోజులల్ల ఉత్తరం రాస్తం."

"తొందరేం లేదు మామా" అని సుధాకర్ ఉన్న కొంచెం గొంతుతో అన్నాడు. రెండు రోజుల్లో తొందరపడి మాట్లాడటం వల్ల ఏమవుతుందో అతనికి బాగా తెలిసివచ్చింది. "నెల గాకుంటే రెండు నెలలు తీసుకోండ్రి."

బాల్‌రాజ్ చేతులు కడుక్కుని వచ్చాడు. అటు చూడలేదు, ఇటు చూడలేదు.

"నెల ఎందుకు మామా? ఉత్తరం పోవుడు, వచ్చుడు ఎందుకు? ఆమె ఈడనే ఉన్నది గద. ఇప్పుడే అడుగుండ్రి."

ప్లాట్‌ఫారం మీద వాదన ఆగిపోయింది. హనుమంతు నోట్లోని రొట్టె నోట్లోనే ఉంది. సుధాకర్ బామ్మర్ది చొక్కా పట్టి లాగాడు. "అరె, జర ఆగరాదు! మీ అక్కకు చెప్పాలె, ఆలోచించాలె..."

"మస్తు ఆలోచించిన బావా."

అందరూ రాధమ్మ వైపు తిరిగారు. ఆమె తల వంచుకోలేదు. "షీల్డు పోయినా మంచిదే గాని నాకు దెబ్బ తాకద్దనుకున్నడు" అంది మామతో. "ఇంకేం జూడాలె మామా? నాకు ఇష్టమే."

ఈశ్వరమ్మ మూట విప్పి బట్టలు తీసి బాల్‌రాజ్ చేతిలో పెట్టింది. రెండు రోజులుగా నలిగిన మిఠాయి పొట్లాన్ని సుధాకర్ అక్కడే విప్పాడు. దోమ నుంచి వచ్చిన పన్నెండు మందికీ తలా ఒక ముక్క వచ్చింది.

తాండూరు ప్యాసింజరు ఆ సాయంత్రం గంటన్నర ఆలస్యంగా వచ్చింది. వేళకు వచ్చి ఉంటే బాల్‌రాజ్ ఇంకా ఆలోచిస్తూనే ఉండేవాడని యాదమ్మ నమ్మకం.